గ్రహణం పూట జీడితోటలో ఎండ

నల్లమల నడిబొడ్డున, పులి అరుపుల మధ్య, మహావృక్షాల కింద వెలుతురు ఎలా మారుతుందో కొలిచినవాణ్ణి నేను. కావాలంటే మా ఊళ్లో ఎవరినైనా అడగండి. అడక్కపోతే ఇంకా మంచిది.

సరే, నల్లమల కాదు. వేటపాలెం పక్కన, ఇసుకలో పెరిగిన జీడిమామిడి తోట. పులి కూడా మేకలాగే అరిచేది, ఎందుకంటే అది మేకే.

గుంటూరులో పరిశోధన చేసే ఒకమ్మాయి, కొమ్మలు కమ్ముకునే కొద్దీ కింద ఎండ ఎంత తగ్గుతుందో ఏడాదిపాటు లెక్క రాయించాలని వచ్చింది. ఆమె పట్టా ఆ లెక్క మీదే ఉంది. రోజూ మూడుసార్లు చూసి రాయడానికి, అక్షరం ముక్క వచ్చి ఇంట్లో పని లేని పెద్దమనిషి కావాలంది. ఊరంతా నావైపే చూసింది. మిరపకాయలు ఎండబెట్టే పని మా ఆవిడకి వదిలేసి నేను శాస్త్రానికి అంకితమయ్యాను.

ఆమె ఇచ్చినవి ఒక రాసుకునే పుస్తకం, ఎండ కొలిచే అరచేతి పెట్టె; దానిమీద తెల్లటి బుడిపె, లోపల సూది. తోటలో పది కర్రలు పాతి ఉండేవి. ఒక్కో కర్ర దగ్గర పెట్టెను నేలమీద ఉంచి, సూది ఎక్కడ ఆగితే ఆ అంకె రాయాలి. నెల రోజులు నిష్ఠగా చేశాను. అంటే, కొన్ని రోజులు. తర్వాత నాకు విషయం అర్థమైపోయింది: పొద్దున కొంచెం, మధ్యాహ్నం ఎక్కువ, సాయంత్రం మళ్లీ కొంచెం. ఈమాత్రానికి తోటదాకా నడవడం దేనికని, సోమవారం పొద్దున్నే కాఫీ తాగుతూ వారానికి సరిపడా ఎండ రాసేసేవాణ్ణి. శనివారం ఎండ కూడా సోమవారమే కాసేది.

నాలుగు నెలలు ఇలా గడిచాక, ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం సూర్యగ్రహణం పట్టింది. బస్సుల్లేవు. వీధిలో కుక్క కూడా లేదు.

"గడప దాటారో, మళ్లీ లోపలికి రానిచ్చేది లేదు" అంది మా ఆవిడ.

ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, దాని పక్కనే నేనూ పడుకున్నాను.

ఆదివారం తొలి బస్సుకే ఆ అమ్మాయి పరుగున వచ్చింది. "బాబాయ్ గారూ, నిన్నటి పేజీ చూపించండి! ఇలాంటి రోజు నాకు మళ్లీ దొరకదు."

తీసి చూసింది. పుస్తకంలో మాత్రం, సరిగ్గా గ్రహణం వేళ, మూడున్నరకి ఎండ ఎప్పటిలాగే కాస్తోంది.

"మా హాస్టల్లో వేపచెట్టు కింద నేలమీది ఎండ చుక్కలన్నీ నెలవంకల్లా పడ్డాయండీ. మీ తోటకి గ్రహణం రాలేదా?"

"జీడాకు మందం కదమ్మా. లోపల వెలుతురు కాస్త నిలవ ఉంటుంది" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఆమె పేజీలు వెనక్కి తిప్పుకుంటూ మొదటిదాకా పోయింది. ఎర్ర పెన్సిలు నాకిచ్చింది. "నిజంగా వెళ్లిన రోజులకి టిక్కు పెట్టండి. మిగతావి కొట్టేస్తాను. నాకు స్కాలర్‌షిప్పు ఈ ఒక్క ఏడాదికే."

పందొమ్మిది టిక్కులు పెట్టాను. పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

అన్నానికి కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. లేచి బస్సు దగ్గరికి పరిగెత్తి, కిటికీ పట్టుకున్నాను.

"అమ్మాయ్, పందొమ్మిది కాదు. పదకొండు."

"బస్సు కదిలేలోపు తొమ్మిదవుతుందా, బాబాయ్ గారూ?"

"ఏడు."

బస్సంతా మావైపే చూస్తోంది. ఆమె సంచి భుజాన వేసుకుని దిగింది. "ఇంకా ఎనిమిది నెలలున్నాయి. పదండి, ఒకటో కర్ర దగ్గర్నుంచి మొదలెడదాం."

తోటలో పెట్టె నేలమీద ఉంచి, సూది ఆగిందాకా చూసి, అంకె చెప్పాను. ఆమె రాయలేదు. తనూ వంగి, ఒకసారి చూసుకుని, అప్పుడు రాసింది.