గోకి చూడని ఇంజన్

పద్దెనిమిదేళ్లుగా నా టూల్ బాక్సు అడుగున, గుడ్డలో చుట్టిన ఒక హీటర్ ప్లగ్గు ఉండేది. బొటనవేలంత ఇనుప ముక్క. దాన్ని ఏ బండికీ వాడలేదు, పారెయ్యనూ లేదు. ఈలోగా షెడ్డు రెండుసార్లు మార్చాను. రెండుసార్లూ అన్నిటికంటే ముందు దాన్నే సర్దుకున్నాను. అది ఎక్కడిదో, నా దగ్గర ఎందుకుందో పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

నేను మార్కాపురంలో లారీ మేస్త్రీని. ఇంజన్ ముందుకు పొడుచుకొచ్చిన పాత ముక్కు లారీల సంగతిలో ఇప్పటికీ నా మాటకు ఎదురు లేదు. ఇంజన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ కొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే, అది ఏ రకం ఇంజనో చెప్పేస్తాను. గొప్పకు చెప్పడం లేదు, నిజం. ఆ విద్య నేర్పింది ఖాసిం మామ. వరసకు మామ కాదు, పనిలో చేరిన రోజు నుంచీ అట్లా పిలిచాను. ఆయన షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. చెవితో చెప్పిన మాటను మళ్లీ విప్పి చూడకూడదు. విప్పి చూసి చెప్పేదానికి మేస్త్రీ ఎందుకు అనేవాడు. ఊళ్లో మిగతా షెడ్లు కూడా దాన్నే పాటించేవి.

తర్వాత నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను. పాత బండి కొనేవాళ్లు మాత్రం ఆయన దగ్గరికే పోయేవాళ్లు. నాకు కడుపు మండేది. ఇది రాయకపోతే మిగతాదంతా పొరపాటులాగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

రాచర్ల దగ్గర ఎర్రన్న అని గొర్రెల ఆసామి. పలకల రాయి తోలడానికి వాళ్ల నాయన కొన్న ముక్కు లారీ ఆయన దగ్గర ఉండేది. నాయన పోయినాక దాన్ని ఎవరూ సరిగా తోలలేదు. పాత బండ్లు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉంటే తీసుకుంటానన్నాడు. ఇంజన్ మీది నంబరు అరిగిపోయింది. అందుకని ఒక బాడుగ డ్రైవరు చేత బండిని మార్కాపురం తోలించుకొచ్చి ఖాసిం మామనూ నన్నూ పిలిచారు.

ఆ కాలపు లారీకి హీటర్ ఇంజన్ వచ్చేది. స్టార్టు చేసే ముందు ప్లగ్గులు కాగేదాకా ఆగాలి. తర్వాత వచ్చిన రకానికి ఆ ఆగడం లేదు, వెంటనే అందుకుంటుంది. చాలామంది పాతది తీసేసి ఆ రకం వేయించుకున్నారు.

ఖాసిం మామ విని, హీటర్ ఇంజనే, మారలేదు అన్నాడు. నా వంతు వచ్చింది. డ్రైవరు ఏమాత్రం ఆగకుండా నొక్కాడు, బండి అందుకుంది. నాకు అదే చాలనిపించింది. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నానే గానీ వినలేదు. ఇంజన్ మార్చారు అని చెప్పాను.

అది మే నెల, మిట్టమధ్యాహ్నం. పైగా రాచర్ల నుంచి నడిచొచ్చిన బండి. అంత కాగిన ఇంజన్ ఏ ప్లగ్గు సాయమూ లేకుండానే అందుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. మరి అప్పుడెందుకు గుర్తు రాలేదు? గుర్తు రాకూడదని నేనే అనుకున్నానా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. జవాబు నాకు అనుకూలంగా ఒక్కసారీ రాలేదు.

ఖాసిం మామ ఇంజన్ పక్కన రాయిలా గట్టిపడ్డ మడ్డిని చూపించాడు. ఏళ్ల తరబడి నూనె, పలకల పొడి కలిసి పేరుకున్నది.

“దీని కింద ప్లగ్గులుండాయి రా అబ్బయ్యా. నా చేతుల్తో బిగించినా. గోకి చూడు.”

“చెవితో చెప్పినాక గోకి చూసేదేంది మామా? ఆ కట్టుబాటు పెట్టింది నువ్వే గదా. వయసు మళ్లినాక మార్చినావా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

“నువ్వు విన్నావా?”

“విన్నా.”

“అట్లయితే సరే,” అని చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు.

కొనేవాడు అటునుంచి అటే పోయాడు. అసలు దెబ్బ తర్వాత పడింది. ఆ ఇంజన్ని చివరిసారి విప్పి బిగించింది ఖాసిం మామే. మారిందంటే మార్చింది ఎవరు? మా నాయన లారీలో ఇంజన్ని ఈ ఖాసిం దొంగిలించినాడు అని ఎర్రన్న మామ షెడ్డు ముందర నిలబడి అన్నాడు. గోకి చూపిస్తానని మామ రెండుసార్లు రాచర్ల పోయాడు. ఎర్రన్న బండి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

పది రోజులకు ఎర్రన్న లారీని తుక్కుకు ఇచ్చేస్తూ, డీజిల్ పంపు విప్పి పెట్టమని నన్ను పిలిచాడు. పంపు పక్కన మడ్డి పెళ్ల ఊడింది. కింద ప్లగ్గు కనిపించింది. మిగతాది నేనే గోకాను. వరసగా ఆరు. ఎర్రన్న పదడుగుల దూరంలో గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. “అన్నా, ఒకసారి ఇట్ల రా” అంటే సరిపోయేది. ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. ఒక ప్లగ్గు విప్పి జేబులో వేసుకుని, మిగతా అయిదింటి మీద గ్రీసు పూశాను. మర్నాడు లారీ గిద్దలూరు తుక్కు దుకాణానికి పోయింది.

అప్పటిదాకా నాది పొరపాటు. గ్రీసు పూసిన నిమిషం నుంచి నేరం.

ఖాసిం మామ దగ్గరికి ఇంజన్ విప్పించుకోవడానికి ఎవరూ పోలేదు. ఆయన షెడ్డు మూసేసి పామూరులో కూతురి ఇంటికి చేరాడు. పాత బండ్ల వాళ్లంతా నా దగ్గరికి వచ్చారు. ఆ పేరుతోనే ఇప్పటికీ బతుకుతున్నాను.

పోయిన నెల పామూరు పోయాను. ఆయన మంచంలో ఉన్నాడు. చెవులు పూర్తిగా పోయాయి. చెప్తే వినపడదు. ప్లగ్గు ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమాడు, మర చుట్ల దగ్గర గోరుతో గీకి చూశాడు. నా మొహం చూడలేదు. దాన్ని తిరిగి నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగాడు.

అటునుంచి అటే రాచర్ల పోయి ఎర్రన్నకు అంతా చెప్పాను. ఆయన విని, లేచి గొర్రెల దొడ్డి తలుపు వేశాడు. చివరికి “ఇంగ పో” అన్నాడు.

ప్లగ్గును ఇవాళ షెడ్డు గుమ్మానికి తీగతో కట్టాను. పొద్దున్నుంచి ఇద్దరు అదేందని అడిగారు. ఖాసిం మామ చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం అని ఇద్దరికీ చెప్పాను. ఒకడు తన బండి తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

మూడోవాడు అడిగినా అదే చెప్తాను.