పసుపు చీర మీద నిమ్మచెక్క

మధ్యాహ్నం అన్నం తిన్నాక గ్యాస్ బిళ్ళ ఒకటి చప్పరిస్తాను. పైపైన పుదీనా వాసన వస్తుంది గాని, కరిగేకొద్దీ అడుగునుంచి సున్నం వాసన తగులుతుంది. అది తగిలిందంటే చాలు, తాల్‌బగీచా పేటలోని ఈ సిమెంటు ఇల్లు మాయమైపోయి, రైల్వే క్వార్టర్ల లైన్లో మా రెండు గదులూ, గడప మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటున్న నాన్నని కన్న మా మామ్మా కళ్ళ ముందుకొస్తారు.

నేను చదివింది అయిదు వరకే. ఇలా కాగితం మీద రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరపోతే పోనీ, రాస్తాను.

మా నాన్న బతుకుతెరువుకి ఈ పరభాష ఊరొచ్చి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. సాయంత్రం సైరన్ కూశాక ఇనుము, నూనె, చెమట కలిసిన వాసనతో ఇంటికొచ్చి, గోల్‌బజార్లో కొన్న నెత్తళ్ళ పొట్లం అమ్మ చేతిలో పెట్టేవాడు. ఎండలు ముదిరితే మా లైన్లో అమ్మవారి పండగ. వేపాకు దూసేవాళ్ళు, చలివిడికి బియ్యం దంచేవాళ్ళు, చింతపండుతో ఇత్తడి ఘటాలు తోమేవాళ్ళు, వాళ్ళ మధ్య నుంచి బెల్లం ముక్కలు ఎత్తుకుపోయి తొక్కుడుబిళ్ళ ఆడుకునే మేము. చింతపండు తగలగానే నల్లటి ఘటం తళతళలాడేది. ఎందుకని అడిగితే "అమ్మోరి మహిమే" అనేది మామ్మ.

పండగ ముగిశాక వీధిగుమ్మంలో దిష్టి తీసేవారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేస్తే నెత్తురులా ఎర్రబడేవి. ఒకసారి అందులోకి నిమ్మచెక్క జారిపడి, ఎరుపంతా మళ్ళీ పసుపైపోవడం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

నేను అయిదు పాసైన ఏడాది, ఆరులో చేర్పిస్తానని నాన్న మాటిచ్చాడు. ఆడపిల్లకి అంత చదువెందుకని మామ్మ గొణుగుడు. ఆ పండక్కి మా అమ్మే ఘటం ఎత్తాలి. ఘటం ఎత్తే మనిషి పసుపు నీళ్ళలో ముంచిన తెల్లచీర కట్టుకోవాలి. తీగ మీద ఆరుతున్న ఆ చీర మీద కాకి రెట్ట వేసింది. కడిగేద్దామని బట్టల సబ్బు రుద్దాను. అరచెయ్యంత మేర ఎర్రటి మరక లేచింది.

"ఓలమ్మోలమ్మ! అమ్మోరికి కోపమొచ్చినాది!" మామ్మ గుండెలు బాదుకుని నాన్న మీదికి తిరిగింది. "ఏటిరా అలా సూస్తన్నావు? గుంటకి సదువొద్దని మొత్తుకుంతంటే ఇన్నావా? ఇప్పుడా తల్లే సెప్పింది!"

"అమ్మోరు కాదు మామ్మా, సబ్బు."

"నోర్ముయ్యే!"

నేను మూయలేదు. వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి, లైనంతా చూస్తుండగా ఆ మరక మీద పిండాను. ఎరుపు చెదిరిపోయి పసుపు తేలింది. నాన్న మీసాల్లో నవ్వుకున్నాడు. "నిమ్మసెక్కకే దిగిపోనాదమ్మా అమ్మోరి కోపం!"

మామ్మ నవ్వలేదు. "అమ్మోరి సీరతో ఆటలాడే గుంట రేపు ఎవుల మాటింటాది? ఇది బడికెల్తే నానీ ఇంట్లో ముద్ద ముట్టను" అంది. నిజంగానే ముట్టలేదు. పండగ పూట కన్నతల్లి పస్తుంటే నాన్న నిలబడలేకపోయాడు. "ఠీక్ హై, మానిపించెత్తాను. నువ్వు అన్నం తిను" అన్నాడు.

మామ్మ కాళ్ళు పట్టుకోమని నన్ను అందరూ నెట్టారు. పట్టుకోలేదు. మరక తెచ్చింది సబ్బు, తీసింది నిమ్మకాయ. నా బడి తీసేసింది మనుషులు. అమ్మవారి మీద పెడితే నేనొప్పుకోను.

ఇప్పుడు మా మనవరాలు శ్రావణి మందుల చదువు చదువుతోంది. అది పైకి చదువుతుంటే చిక్కుళ్ళు వలుస్తూ పక్కనే కూర్చుంటాను. మామ్మ సున్నంలోనూ, నా ఎముకల్లోనూ, నా గ్యాస్ బిళ్ళలోనూ ఉన్నది కాల్షియం అనే ఒకే మూలకమట. నిమ్మరసం ఆమ్లం, సబ్బు క్షారం, రెండూ కలిస్తే ఒకదాని పొగరు ఒకటి అణుచుకుంటాయట. కడుపులో మంటని బిళ్ళ అణిచేది కూడా అలాగేనట. మొన్న అదే మంటకి డాక్టరిచ్చిన ఇంకో మాత్రని నలిపి మింగబోయాను.

"ధ్యాత్ మామ్మా, నలపకు! దాని మీద పూతుంది. కడుపులో పులుపుకి కరగదు, పేగుల్లోకి దిగినాకే కరుగుతాది. నలిపితే మందు ముందే పాడైపోద్ది."

అప్పుడు దానికి పసుపు చీర కథ చెప్పాను. పకపకా నవ్వింది. "మా లేబులో పసుపు రాసిన కాగితంతో ఇదే సేయించినారు మామ్మా. మార్కులు కూడా ఏసినారు!"

"నాకు బడి మానిపించినారు" అన్నాను.

ఆ క్వార్టర్లు కూలగొట్టేశారు. సైరన్ మా ఇంటిదాకా వినపడదు. ఘటాలు తోమడానికి డబ్బాల్లో పొడి వచ్చింది. పసుపు చీరలు గోల్‌బజార్లో అద్దకం రంగుతో తయారుగా దొరుకుతాయి, ఎంత సబ్బు రుద్దినా ఎర్రబడవు. అందుకే ఈసారి పండక్కి తెల్లచీర కొన్నాను. అసలు పసుపుకొమ్ములు దంచి ముంచుతాను. మా వీధి ఆడపిల్లలందర్నీ పిలిచి, వాళ్ళ చేతే సబ్బు రుద్దిస్తాను, నిమ్మచెక్క పిండిస్తాను. ఎవరైనా గుండెలు బాదుకుంటే బాదుకోనీ. నిమ్మకాయలు చాలానే తెప్పించాను.