బావగారి పీచ్, బావమరిది చలిగది

కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా చలిగదులు చూసుకుంటున్న ఆపరేటర్‌కి ఒక్కతే అక్క. ఆమె భర్త సామాన్యుడు కాడు, పరిశోధన తోటలో కొత్త పండ్ల రకాలు పుట్టించే పెద్దమనిషి. పద్నాలుగేళ్లు కష్టపడి, రెండు చెట్లను కలిపి, ఎర్రటి పీచ్ రకాన్నొకదాన్ని తయారుచేశాడు. అంతకుముందు లోకం పండు మొహమే చూడనట్టు మాట్లాడేవాడు.

తొలి కాపు బావమరిది గదిలోనే పెట్టారు. మూడు వారాల తర్వాత తీస్తే పైకి నిగనిగలాడుతున్నాయి. కోస్తే లోపలంతా గోధుమరంగు, కొరికితే తడిలేని దూది. పీచ్ కాస్తా పీచైంది.

బావగారు ఆలోచించి కాలం వృథా చేసుకోలేదు. చేతకానివాడికి అప్పజెప్పడం తన బుద్ధితక్కువని నలుగురిలో అనేశాడు. ఆపరేటర్‌కి తల కొట్టేసినట్టయింది. అదే గదిలో, పక్క వరసలో పాత రకం పళ్లు రసం కారుతున్నాయని చూపించబోతే, వాటి సంగతి ఎవరడిగారన్నాడు. అంతే, రాకపోకలు తెగిపోయాయి. తమ్ముడితో ఫోన్లో మాట్లాడాలంటే అక్క మేడెక్కాల్సి వచ్చేది.

తర్వాతి రెండేళ్లూ బావగారు పళ్లను ఇంకా ఖరీదైన గదుల్లో పెట్టించాడు. పాపం, అక్కడా చేతకానివాళ్లే దొరికినట్టున్నారు, మళ్లీ దూదే వచ్చింది. చివరికి ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఆకులు తీసుకెళ్లి జన్యువులు పరీక్షించింది. చలికి పాడయ్యే గుణం ఆ చెట్టు వంశంలోనే ఉందట, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా. ఆ ఇద్దరినీ ఏరికోరి జతకట్టింది ఎవరో వేరే చెప్పాలా?

ఒక ఆదివారం బావగారు ఆ పరీక్ష కాగితం పట్టుకుని బావమరిది ఇంటికి వచ్చాడు. ఎండల గురించి అరగంట మాట్లాడాక అసలు సంగతికొచ్చాడు.

"తప్పు నీ గదిది కాదటయ్యా."

"కాదట అంటున్నారా బావా, కాదు అంటున్నారా?"

"కాదు," అన్నాడు బావగారు, పన్ను పీకించుకున్నంత కష్టంగా.

ఈ రోజు వస్తే ఏమేం అనాలో ఆపరేటర్ రెండేళ్లుగా కూర్చుకున్నాడు. తీరా వచ్చేసరికి అక్క రాలేదేమని అడిగాడు. కార్లోనే ఉంది, గొడవైతే వెంటనే వెళ్లిపోవచ్చని దిగలేదట. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

ఇప్పుడు కొత్త మొక్కలన్నిటి తొలి పళ్లూ ముందు అతని గదికే వస్తాయి. పాడైతే బావగారు గదిని పల్లెత్తు మాట అనడు. తల్లిచెట్టు వైపు లోపమంటాడు. తండ్రిచెట్టును మాత్రం ఇంతవరకూ తప్పుపట్టలేదు.