యాదలక్ష్మి పదో తరగతి

మునుగోడు దిక్కున ఒక ఊళ్లో గొర్లు కాసే పరశురాములుకు ఇద్దరు బిడ్డలు. పెద్దది యాదలక్ష్మి. ఆ ఊరి బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లలందరికీ పళ్లు పసుపుపచ్చగా గారపట్టి ఉండేవి. యాదలక్ష్మికి పళ్లతోనే ఆగలేదు. బడిలో చేరిన రెండు మూడేళ్లకే మణికట్లు బిగుసుకుపోయాయి. వేళ్లు సగం దాకా ముడుచుకుని ఇక ముడవనంటాయి. దవాఖానలో చూసి ఫ్లోరైడ్ అన్నారు, దీనికి మందు లేదన్నారు. భయపడి చిన్నది మల్లికను కోస్గి పక్కన అమ్మమ్మ ఊరికి పంపేశారు. అక్కడి నీళ్లు మంచివి.

చదువులో మాత్రం యాదలక్ష్మి గట్టిది. లెక్కల టీచరు మంజులత ప్రశ్న అడగడమే ఆలస్యం, జవాబు వచ్చేది. రాయమంటేనే నరకం. కుడిచేతి వేళ్ల మధ్య పెన్ను ఇరికించి, ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి, భుజంతో సహా జరుపుతూ రాయాలి. బడి పరీక్షలప్పుడు అందరూ వెళ్లిపోయాక మంజులత ఆమెను వరండాలో కూర్చోబెట్టి, రాసిందాకా తనూ కూర్చునేది. అట్లా మార్కులు వచ్చేవి.

పదో తరగతి పరీక్షలకు ఆ వీలు లేదు. రాసిపెట్టే మనిషి కావాలంటే వికలాంగుల సర్టిఫికెట్ కావాలన్నారు. మంజులతే నల్గొండకు తీసుకుపోయింది. డాక్టరు నడవమన్నాడు, నడిచింది. కూర్చుని లెమ్మన్నాడు, లేచింది. గ్లాసు పట్టుకోమన్నాడు, రెండు చేతులతో పట్టుకుంది.

"వైకల్యం నలభై శాతం లేదమ్మా. నలభై ఉంటేనే మనిషినిస్తరు" అన్నాడు.

"నడక బాగానే ఉంది సార్, రాసుడే ఆమెతోని కాదు" అంది మంజులత.

"నాకు తెలుసు టీచర్. కానీ మా లెక్కలో రాసుడు లేదు."

ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు.

లెక్కల పరీక్షనాడు ప్రశ్నపత్రం చూడగానే యాదలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. అన్నీ వచ్చినవే. సగం కూడా కాకముందే మణికట్టు వాచింది. గంట కొట్టేసరికి ఇంకా చాలా మిగిలింది. ఇన్విజిలేటర్ వచ్చి పేపరు అందుకోబోయాడు.

"జర ఆగున్రి సార్. వస్తది నాకు, రాస్తున్న."

"అందరికీ ఒక్కటే టైమమ్మా. నీ ఒక్కదానికి ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా?"

ఆమె మిగతావాళ్ల వైపు చూసింది. వాళ్లు ఎప్పుడో పేపర్లకు దారాలు కట్టేసి కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు.

లెక్కల్లో, సైన్సులో పోయింది. మళ్లీ రాసినప్పుడు ఎట్లైనా తొందరగా రాయాలని గీకింది. రాసింది తనకే అర్థం కాలేదు. మళ్లీ పోయింది. ఆ తర్వాత ఇక పరీక్ష ఫీజు కట్టలేదు.

రెండేళ్లకు కరోనా రోజుల్లో మల్లిక ఇంటికొచ్చి ఉంది. ఆ ఏడు పది పరీక్షలే పెట్టలేదు. ఒకరోజు ఫోన్ చూస్తూ "అక్కా, నేను పాసైన!" అని ఎగిరింది. మరుక్షణమే నోరు మూసుకుంది.

"ఒక్క అక్షరం రాయకుండనేనా?" అంది యాదలక్ష్మి, చెల్లెలితో కాదు, తండ్రితో.

"అందర్ని పాస్ చేసిండ్రు బిడ్డా."

"అందర్నా బాపు?"

పరశురాములు తలపాగా సర్దుకుంటూ బయటికి పోయాడు. చెల్లెలు తప్పు చేసినదానిలా రెండు రోజులు ఆమె కళ్లలోకి చూడలేదు. మల్లిక ఇంటర్‌కు పోయింది. యాదలక్ష్మి తండ్రి వెంట మందకు పోయింది. బడిలో వంట సాయానికి అడిగితే ఆ చేతులతో గిన్నెలెట్లా ఎత్తుతావన్నారు.

ఇంకొన్నేళ్లకు పక్కింటి బిక్షమ్మ వచ్చింది. ఆమె మనవరాలు హరిత పదికి వచ్చింది. అవే చేతులు. "నువ్వు తిరిగినదానివి, జర దవాఖానకు తోడు రా బిడ్డా" అంది.

ఈసారి ఒక లేడీ డాక్టరు ఉంది. హరితను లేవమనబోతుంటే యాదలక్ష్మి అడ్డం పడింది.

"దాన్ని నడిపియ్యకున్రి మేడం. రాపియ్యున్రి."

డాక్టరు ఒక్కక్షణం ఆమె చేతుల వైపు చూసి, హరిత ముందుకు కాగితం జరిపింది. ఆ పిల్ల పేరు రాయడానికి పడే పాట్లు చూసి, చాలు ఆపమంది.

"ఇప్పుడు శాతంతో పనిలేదమ్మా. రాసుడు ఈమెతోని కాదని నేను రాసిస్తే చాలు, మనిషినిస్తరు."

"ఎప్పటిసంది మేడం?"

"ఈ మధ్యనే మారింది."

యాదలక్ష్మి బయటికొచ్చి వరండా గోడకు ఆనుకుని జారి కూర్చుంది. ఫెయిలైనప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. బిక్షమ్మ సంబరంగా కాగితం పట్టుకుని వచ్చి, ఆమెను చూసి పక్కన కూర్చుంది.

హరిత పాసైంది. ఆ సంగతి తెలిసి మంజులత పాత లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని పరశురాములు ఇంటికి వచ్చింది.

"నువ్వూ పరీక్ష ఫీజు కట్టు యాదమ్మా. నువ్వు చెప్తుంటే రాసేటోళ్లు రాస్తరు."

యాదలక్ష్మి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో పేజీలు తోసింది. ఒక లెక్క దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"చెప్పనీకి ఏమన్న యాదికుండాలె గద మేడం" అని పుస్తకం తిరిగి ఇచ్చేసింది.

దొడ్లో గొర్లు అరుస్తున్నాయి. యాదలక్ష్మి లేచి, మోచేత్తో తడిక నెట్టుకుంటూ వాటి దగ్గరికి పోయింది.