వాంతుల గోళీ, కళ్లద్దాల పవర్

2023 ఎండాకాలం అని రాయి చిన్నీ. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన మన కళ్లద్దాల షాపు. పది రోజుల కిందట చేయించుకున్న కొత్త జోడు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది మాధవి. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంత ఎండలోనూ తలకు స్కార్ఫ్.

“ఆంటీ, మీ మెషీన్ ఎక్కడో తేడా కొట్టిందండి. పాత జోడుతోనే బాగా కనిపిస్తోంది.”

మళ్లీ రిఫ్రాక్షన్ చేశాను. అంటే అక్షరాల బోర్డు చదివించి పవర్ తేల్చడం. ఆమె అన్నది నిజమే, పాత పవరే వచ్చింది.

“లొల్లి ఎందుకమ్మా, లెన్సు మార్చి ఇచ్చెయ్యి” అన్నాడు నా కొడుకు, అదే మీ నాన్న. మా పనిలో అందరూ చేసేది అదే. కానీ పవర్ ఇలా పోయి వెనక్కి రావడం నేను షుగర్ ఉన్నవాళ్లలోనే చూశాను.

“షుగర్ ఉందా బిడ్డా?”

“లేదండి.”

“మరి ఏం గోళీలు తింటున్నవ్?”

“కళ్లజోడుకీ గోళీలకీ ఏంటండీ సంబంధం?”

“చెప్తేనే లెన్సు మారుస్త.”

కాసేపు కోపంగా చూసి, స్కార్ఫ్ కొంచెం వెనక్కి జరిపింది. జుట్టు లేదు. “కీమో నడుస్తోందండి. ఆఫీసులో చెప్పలేదు. స్క్రీన్ మసగ్గా ఉందని తెలిస్తే ప్రాజెక్టు నుంచి తీసేస్తారు.”

బ్యాగులోంచి గోళీల షీటు తీసింది. వాంతులు రాకుండా కీమో చేసినప్పుడల్లా కొన్ని రోజులు ఇచ్చే స్టెరాయిడ్ అది. నా దగ్గరి కార్డు చూస్తే, మొదటిసారి పవర్ చూసింది ఆ గోళీలు తింటున్న రోజుల్లోనే, ఇప్పుడేమో అవి ఆపి వారమైంది. స్టెరాయిడ్ షుగర్ పెంచితే పవర్ అటూ ఇటూ అవుతుంది. తప్పు మెషీన్‌ది కాదు, అడగని నాది. స్టెరాయిడ్‌తో కంటి లోపలి ప్రెషర్ కూడా పెరగొచ్చు. నొప్పి తెలియకుండానే కంటి నరం పాడవుతుంది.

“రేపే కంటి డాక్టర్‌కు చూపెట్టు. గోళీ నీ అంతట నువ్వు ఆపకు, కీమో డాక్టర్‌ను అడుగు.”

“రేపు డెమో ఉందండి.”

“డెమో మళ్ల పెట్టుకోవచ్చు. కంటి నరం పోతే మళ్ల రాదు. డాక్టర్ చిట్టీ తెచ్చినంకనే లెన్సు.”

“మీరు షాపువాళ్లా, పోలీసులా?” అని విసురుగా వెళ్లిపోయింది.

నాలుగో రోజు చిట్టీతో వచ్చింది. రెండు కళ్లలోనూ ప్రెషర్ ఎక్కువే, మూడు నెలల సగటు చూస్తే షుగరూ ఎక్కువే. నరం ఇంకా బాగానే ఉంది. కంట్లో చుక్కలు మొదలుపెట్టారు. కీమో డాక్టర్ స్టెరాయిడ్ తగ్గించి వేరే వాంతుల మందు ఇచ్చారు. కీమో అయ్యేదాకా పాత జోడే అని తేల్చాను.

“మేనేజర్‌కి కూడా చెప్పేశానండి. తీసేస్తే తీసెయ్యమన్నాను.”

“తీసిండా?”

“డెమో వాయిదా వేశాడండి.”

అప్పటి నుంచి బోర్డు చూపించే ముందే, ఏ మందులు వాడుతున్నారని అడుగుతాను. కొందరు విసుక్కుని లేచిపోతారు. గిరాకీ పోతోందని మీ నాన్న గొడవ. పోతే పోనీ, నేను అడగడం మానను. అది కూడా రాయి.