పదకొండో శాలువా

వెంకటసత్యనారాయణ గారికి కూర్చోవడం చేతకాదు. కువైట్‌లోని అల్ రాయ్‌లో కార్ల విడిభాగాల గోదాముకు ఆయన ఇరవై రెండేళ్లుగా స్టోర్‌కీపరు. అక్కడ ఆయన పేరిట ఒక కుర్చీ ఉంది గానీ, దాని మీద ఎప్పుడు చూసినా ఆయిల్ ఫిల్టర్లే కొలువుదీరి ఉంటాయి. బస్టాపులో సైతం ఆయన బస్సు కోసం నిలబడరు. ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులతో కొలుస్తూ ఉంటారు. సొంతూరు రాజోలు దగ్గర. ఇంటావిడ బుల్లెమ్మ సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట వంట చేస్తుంది. దంపతులిద్దరూ ఒకే దేశంలో ఉండి శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రమే కాపురం చేస్తారు. ఆ కాస్త సేపూ ఆవిడ కూర్చుని మాట్లాడుతుంది, ఆయన తిరుగుతూ వింటారు.

‘ఇసుక గడియారం’ అనే విద్యార్థి నాటక సమాజం మొదట ఆయన్ని పిలిచింది కళాభిమానిగా కాదు, పికప్పు బండి చేతిలో ఉన్న మనిషిగా. కుర్చీలు మోయడానికి వచ్చిన ఆయన, అక్కడి అరాచకం చూసి తట్టుకోలేకపోయారు. కత్తి కోసం వెతుకుతున్న రాజుగారు టిఫిన్ డబ్బాతో వేదికెక్కడం ఆయన కళ్లారా చూశారు. మరుసటి వారానికి ఆయనే స్టేజి మేనేజరు. ఎవరూ నియమించలేదు, ఎవరూ కాదనలేదు.

ఆయన పాలనలో రంగస్థలం గోదాముగా మారింది. తెర వెనుక ఒక పొడుగు బల్ల. బల్ల మీద టేపుతో గీసిన గడులు, గడికో నంబరు, నంబరుకో వస్తువు. తీసినవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి, సీను అవగానే తెచ్చి అదే గడిలో పెట్టాలి.

“అంకుల్, నా మీసానికి కూడా నేను సంతకం పెట్టాలా?” అన్నాడు నిఖిల్. ఈసారి నాటకంలో వాడు విమానాశ్రయం అధికారి.

“మీసం నీది కాదు బాబూ, సమాజానిది. పదిహేడో నంబరు. పెట్టు.”

ఈసారి నాటకం పేరు ‘ముప్పై కిలోలు’. రాసిందీ నడిపిస్తున్నదీ భరద్వాజ్, కాలేజీ రెండో సంవత్సరం కుర్రాడు. పెట్టె బరువెక్కువైందని విమానాశ్రయంలో నిలబెట్టేసిన ఒక ముసలావిడ కథ. ఐదో సీనులో ఆవిడ ఒంటరిగా బెంచీ మీద కూర్చుని, పెట్టె విప్పి, ఏది పట్టుకెళ్లాలో ఏది వదిలెయ్యాలో తేల్చుకుంటుంది. నాటకమంతా ఆ పదిహేను నిమిషాల్లోనే ఉంది. ఆ ముసలావిడ వయసు పదిహేడు, పేరు అక్షయ.

పోయినేడు కూడా ఆఖరి సీను అక్షయదే. అది జరగలేదు. సీనుకు ముందు పెట్టిన సన్మానాలు సాగి సాగి తొమ్మిదయింది. హాలు మూసే వేళ కావడంతో కాపలాదారు దీపాల మీట నొక్కేశాడు. హాలు వెనక డబ్బాల మీద కూర్చుని ఆ పిల్ల, ఎవరూ చూడని రంగును టిష్యూతో తుడుచుకుంది. ఏడవలేదు. “అంకుల్, ఈ విగ్గు ఏ గడిలో పెట్టాలి?” అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ని ఏడాది పొడవునా నడిపిస్తూనే ఉంది. వచ్చే నెలలో అక్షయ చదువుకని విజయవాడ వెళ్లిపోతుంది. ఈసారి సీను పూర్తిగా ఆడిస్తానని ఆయన మాటిచ్చారు.

సన్మానం సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. హాలు అద్దె కట్టేది తెలుగు సంఘం. సంఘానికి అధ్యక్షుడు ఇంజినీరు వీరభద్రరావు గారు, సాక్షాత్తూ భరద్వాజ్ తండ్రి. అద్దె కట్టినందుకు సంఘం శాలువాలు కప్పుకుంటుంది. నాటకానికి ముందు కప్పుదామంటే జనం ఇంకా వచ్చి ఉండరు. నాటకం అయ్యాక కప్పుదామంటే జనం బిర్యానీ పొట్లాల దగ్గర ఉంటారు. కనుక ఆఖరి సీనుకు ముందు, ముసలావిడ ఏమవుతుందోనని అందరూ కుర్చీలకు అతుక్కున్న క్షణాన కప్పాలని పెద్దలు నిర్ణయించారు. నాటక కళకు అంతకన్నా గొప్ప గౌరవం ఏముంటుంది?

“ఐదే ఐదు నిమిషాలు సత్యనారాయణ గారూ,” అన్నారు వీరభద్రరావు గారు.

సత్యనారాయణ గారు తన వేళల చార్టులో ఇరవై రాసుకున్నారు. తరవాత జాబితా చేతికొచ్చింది. పదకొండు పేర్లు. పదకొండోది ఆయనదే.

ఇరవై రెండేళ్లలో కువైట్ తెలుగు వేదికల మీద కప్పిన శాలువాల్లో సగం ఆయన చేతిలోని పళ్లెం నుంచే వెళ్లాయి. మడత తీయడం, జరీ అంచు కెమెరా వైపు తిప్పడం ఆయనకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. ఒంటి మీద పడితే అది ఎంత బరువుంటుందో మాత్రం తెలియదు. ఆ సాయంత్రం గోదాములో బ్రేకు ప్యాడ్లు అడిగినవాడికి ఆయన క్లచ్ ప్లేట్లు ఇచ్చారు. రాత్రి బుల్లెమ్మకు ఫోను చేశారు.

“నిజంగానా అండి?” అంది బుల్లెమ్మ. “మామాని అడుగుతానుండండి. మా ఆయనకి సన్మానం అంటే పంపకేం చేత్తాది!”

మామా, అంటే ఆ ఇంటి కువైటీ యజమానురాలు, పంపింది. తొమ్మిదిన్నరకల్లా గుమ్మంలో ఉండాలంది, ఫొటో చూపించాలంది.

శుక్రవారం బ్నీద్ అల్ గార్‌లోని హాల్లో ఆరున్నరకు అన్న నాటకం ఏడూ ఎనిమిదికి మొదలైంది. ఆయన చార్టులో ఆ ముప్పై ఎనిమిది నిమిషాలు ముందే ఉన్నాయి కాబట్టి కంగారు పడలేదు, నడిచారంతే. వేదికకు ఆ పక్క వింగు నుంచి ఈ పక్క వింగుకు, బల్ల నుంచి తెరతాడు దగ్గరికి. నాలుగు సీన్లు గడుల్లోంచి బయల్దేరి గడుల్లోకి చేరాయి. మీసం కూడా వేళకొచ్చింది. ఎనిమిదీ ఇరవై మూడుకు శాలువాల పళ్లెం వేదికెక్కింది. ఎనిమిదీ నలభై మూడుకు తెర పడాలి. దాటితే ఆఖరి సీను లేదు.

మూడో వరసలో బుల్లెమ్మ కనిపించింది. నెమలికంఠం రంగు పట్టుచీర, చేతిలో ఫోను.

శాలువా కప్పించుకున్న ప్రతివారూ రెండు మాటలు మాట్లాడారు. తెలుగులో రెండు మాటలకు కొలత లేదు. నాలుగో ఆయన తన మొదటి ఇఖామా, అంటే నివాస అనుమతి, నాటి కష్టాలు చెప్పారు. ఆరో ఆవిడ పద్యం ఎత్తుకున్నారు. ఎనిమిదీ ముప్పై అయిదు. కాపలాదారు ఈజిప్టు మనిషి, పక్క తలుపులోంచి తొంగిచూసి తొమ్మిది వేళ్లు చూపించాడు. “ఖలాస్,” అన్నాడు, తొమ్మిదికల్లా అయిపోవాలన్నట్టు.

“బాబూ, మీ నాన్నగార్ని కాస్త...” అన్నారు సత్యనారాయణ గారు.

“ఇంట్లోనే ఆయన్ని ఆపలేం అంకుల్,” అన్నాడు భరద్వాజ్ గోళ్లు కొరుకుతూ.

సత్యనారాయణ గారు చీటీ రాసి పంపారు: ‘సమయం లేదు.’ వీరభద్రరావు గారు దాన్ని మైకులో గంభీరంగా చదివి వినిపించారు. సమయం ఎంత విలువైనదో, దాన్ని మనం ఎలా వృథా చేస్తున్నామో రెండు నిమిషాలు వివరించారు. జనం చప్పట్లు కొట్టారు.

ముసలావిడ విగ్గు పెట్టుకున్న అక్షయ వింగులో నిలబడి ఉంది. పెట్టె పిడి పట్టుకుని, విడిచి, మళ్లీ పట్టుకుంటోంది.

నలభై రెండు. పదో శాలువా దిగింది.

“ఇక చివరగా,” అన్నారు వీరభద్రరావు గారు. “కొందరు వెలుగులో ఉంటారు, కొందరు ఆ వెలుగు మీట దగ్గర ఉంటారు. అటువంటి ఒక నిశ్శబ్ద సేవకుడి గురించి చెప్పాలంటే, ముందుగా కోనసీమ గురించి చెప్పాలి...”

సత్యనారాయణ గారి కాళ్లు ఆగిపోయాయి. చేయి తెరతాడు మీద ఉంది. అధ్యక్షుల వారు గోదావరి పాయల్లోంచి ప్రయాణం కట్టారు. ఆ లెక్కన రాజోలు చేరడానికి నాలుగు నిమిషాలు, అల్ రాయ్ గోదాముకు ఇంకో మూడు. మూడో వరసలో బుల్లెమ్మ లేచి నిలబడి ఫోను ఎత్తింది. ముఖం అంతా నవ్వే. నలభై మూడు. తనని గురించి ఎవరైనా మైకులో చెప్పడం ఎలా ఉంటుందో ఆయన విన్నారు. బాగుంది. నలభై నాలుగు. చార్టు గీసిన రోజు నుంచి ఆయన స్వయంగా చేసిన ఆలస్యం ఆ ఒక్క నిమిషమే.

తాడు లాగారు.

తెర సగం దారిలో అధ్యక్షుల వారి భుజానికి తగిలి, ఆయన్నీ కోనసీమనూ జనం నుంచి వేరు చేసింది. మైకు మూగబోయింది. అదీ ఈయన పనే.

“సత్యనారాయణ గారూ! ఇది మీ గురించేనండీ! ఇంకా పేరు కూడా చెప్పలేదు!”

“చిత్తం సార్. కాస్త పక్కకి రండి, ట్రాలీ వస్తోంది.”

వీరభద్రరావు గారు కోపంలో పదకొండో శాలువా ఉన్న పళ్లెం మర్చిపోయి బెంచీ మీదే వదిలి వెళ్లారు. తీసేలోపే నిఖిల్ దీపం వేశాడు, తెర లేచింది. నాలుగు పసుపు టేపు గుర్తుల మధ్య బెంచీ, పెట్టె, అక్షయ, చార్టులో లేని ఒక పళ్లెం.

వింగులో సత్యనారాయణ గారు పంజరంలో పులిలా తిరిగారు. అక్షయ పెట్టె విప్పింది. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది: ఆవకాయ సీసా, మనవడి బూట్లు, రోలుబండ. నడుమ పళ్లెం చూసింది. క్షణం ఆగింది. విమానాశ్రయంలో ఏసీ కదా, ముసలి ప్రాణం కదా. శాలువా తీసి వణుకుతూ కప్పుకుంది. ముందు వరసలో పది శాలువాలవాళ్లు అప్రయత్నంగా తమవి సవరించుకున్నారు. బిర్యానీ పొట్లాల వైపు ఒక్కరూ లేవలేదు.

ఎనిమిదీ యాభై తొమ్మిదికి తెర పడింది. చప్పట్ల మధ్యలో కాపలాదారు మీట నొక్కాడు. చీకట్లోనూ చప్పట్లు ఆగలేదు.

టార్చి వెలుగులో సామాను బల్లకు చేరింది. అక్షయ అన్నీ తెచ్చి గడుల్లో పెట్టి, శాలువా పట్టుకుని నిలబడింది. “అంకుల్, దీనికి గడి లేదు.”

ఆయన జేబులోంచి టేపు తీసి ఒక గడి గీశారు. నలభై మూడో నంబరు. శాలువా అందులో పెట్టింది అక్షయ. ఆయన చేయి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది.

బుల్లెమ్మ తెర వెనక్కి వచ్చేసరికి తొమ్మిదీ ఆరు.

“ఏంటండీ ఇది? సరిగ్గా మీ పేరొచ్చేటప్పుడే తెర పడిపోయింది! ఎవడండీ లాగినోడు?”

“నేనే.”

బుల్లెమ్మ ఆయన్ని పైకీ కిందకీ చూసింది. “ఆ పిల్ల కోసవాండి?”

“మాటిచ్చాను.”

“ఆయ్. మరి మామాకి నేనిచ్చిన మాటో?” అని, బల్ల వైపు తిరిగింది. “ఆ శాలువా మీది కాదాండి?”

“సామాన్లో కలిసింది. సంతకం లేందే బయటికి ఇవ్వకూడదు.”

“ఇలా ఇవ్వండి ఆ పుస్తకం,” అంది బుల్లెమ్మ. నలభై మూడు ఎదురుగా, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, తన పేరు రాసింది. శాలువా తీసి చంకలో పెట్టుకుంది.

పికప్పు బండి కదిలేసరికి తొమ్మిదీ పదకొండు. ఆయన రెండు సార్లు వాచీ చూసుకున్నారు, మూడు సార్లు అద్దం సర్దారు. మొదటి సిగ్నల్లో ఎర్రలైటు పడింది. బుల్లెమ్మ మడత విప్పి ఆయన భుజాల మీద వేసింది.

“అంచు ఇటు తిప్పు,” అన్నారాయన ముందుకే చూస్తూ.

“తిప్పాను గానీ, ఒక్క నిమిషం కదలకండి.”

కదల్లేదు. ఆవిడ ఫొటో తీసింది. అందులో ఆయన కెమెరా వైపు చూడటం లేదు. లైటు ఎప్పుడు పచ్చబడుతుందా అని చూస్తున్నారు.