సరళ దాచుకున్న ఆఖరి పేజీ

నిన్న కుప్పంలో నా చిన్నప్పటి నేస్తం సరళ ఇంటికి వెళ్తే, అటక మీది సామాన్లు దించి దులుపుతోంది. వాటి మధ్య మైదా జిగురు వాసనతో ఆ సీరియల్ పుస్తకం కనపడగానే నాకు మళ్లీ కడుపు మండింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా? వారపత్రికలో ప్రేమ సీరియల్ పేజీలు వారం వారం చించి దాచి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకునేవాళ్లం. పుంగనూరులో మా వీధి మొత్తానికి పత్రిక కొనేది సరళ వాళ్లే. వాళ్లు చదివాకే మాకు.

ఆ సీరియల్ ఆఖరి వారం హీరో రైలెక్కేశాడు, అతను ప్రేమించిన పిల్ల ప్లాట్‌ఫాం మీద పరుగెత్తింది. అంతే! కింద 'సమాప్తం' అని కూడా లేదు, మరుసటి వారం ఆ సీరియలే రాలేదు. మిగతా పేజీ వీళ్లు ముందే చించేసుకున్నారనుకుని సరళను నిలదీశాను.

"ఔను, ఆ పేజీ మా ఇంట్లోనే ఉండాది. వాళ్లిద్దరికీ పెండ్లయి మదనపల్లెలో కాపురం పెట్టినారు. నీకు సూపించను పో," అంది.

కొత్త సైకిలు దానికే, జరీ పరికిణీ దానికే. ఆఖరికి కథ ముగింపు కూడా దానికేనా!

నిన్న ఆత్రంగా చివరికి తిప్పాను. రైలు, ప్లాట్‌ఫాం, పరుగు. ఆ తర్వాత అట్ట మాత్రమే.

"ఆ పేజీ యాడమ్మే?"

సరళ నవ్వింది. "ఉంటే కదా! ముగింపు లేకుంటే నాకు నిద్ర పట్టలా. అందుకే నేనే పెండ్లి చేసేసినా."

నా కుళ్లు చల్లారలేదు, రెట్టింపయింది. దాని కథలో వాళ్లు అప్పటినుంచీ హాయిగా కాపురం చేసుకుంటున్నారు. నా కథలో ఆ పిల్ల ఇంకా ప్లాట్‌ఫాం మీద పరుగెత్తుతూనే ఉంది.